చేతికి తెలిసిన గొంతు

“నా కార్డు ఇచ్చెయ్ వదినా.”

“ఏ కార్డు?”

“ఏమీ ఎరగనట్టు అడక్కు. నా ల్యాబ్ కార్డు. ఈ టేబుల్ మీదే పెట్టి స్నానానికి వెళ్లాను.”

“టేబుల్ మీదున్నవన్నీ తీసి తుడిచాను. నీ డబ్బాల్లోంచి కారిన పొడే ఎటు చూసినా.”

చెల్లెలు తడిజుట్టుకి చుట్టుకున్న తువ్వాలు విప్పి కుర్చీ మీదికి విసిరింది. సొరుగు లాగింది, మూసింది. పత్రికల దొంతర ఎత్తి చూసింది. మేకుకి వేలాడుతున్న వదిన చేతిసంచీ దాకా వెళ్లి ఆగిపోయింది. ఒకరి సంచీలో ఇంకొకరు చెయ్యి పెట్టడం ఆ ఇంట్లో ఇంకా అలవాటు కాలేదు.

అన్న నేలమీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు.

వైరు చుట్టడానికీ ఒక పద్ధతి ఉంది. ఒక చుట్టు పైనుంచి వేస్తే తర్వాతిది లోపలినుంచి వేయాలి. లేకపోతే విప్పేటప్పుడు మెలికపడుతుంది. మైకు సెట్లు అద్దెకు తిప్పే మనిషికి అది మామూలు పని. ఇంట్లో ఆడవాళ్లు మాటా మాటా అనుకునే వేళల్లో అతను వైర్లు ముందేసుకుని కూర్చునేవాడు. చుట్టాల్సినవి అయిపోతే, చుట్టినవే విప్పి మళ్లీ చుట్టేవాడు.

“వినపడుతోందా అన్నయ్యా? మీ ఆవిడ నా కార్డు దాచింది.”

“ఇచ్చెయ్యరాదూ,” అన్నాడతను, తల ఎత్తకుండానే.

“ఇచ్చేస్తానండీ. కత్తిరించనని ఒక్క మాట చెప్పమనండి. ఇప్పుడే చేతిలో పెడతాను.”

చెల్లెలు మళ్లీ సొరుగు లాగింది.

ఆ మధ్యాహ్నం మీటింగులో ఆమె వేదిక ఎక్కాలి. రక్త పరీక్షల ల్యాబ్ వాళ్లిచ్చిన గుర్తింపు కార్డుని అందరి ముందూ కత్తెరతో రెండు ముక్కలు చేయాలి. ఉన్న ఉద్యోగం మాని, ఒంటికి బలమని తాగే ఈ పొడి డబ్బాల కంపెనీలో పూర్తిగా దిగేవాళ్లందరూ చేసే పనే అది. గొడ్డు కట్టుతాడు తెంచుకున్నట్టని, దానికి ‘పలుపు తెంపడం’ అని పేరు కూడా పెట్టుకున్నారు. అదంతా వీడియో తీస్తారు. సాయంత్రానికల్లా ఆ వీడియో ల్యాబ్ ఇన్‌ఛార్జి ఫోన్‌కి కూడా చేరుతుంది. చేరాలనే తీస్తారు. మర్నాడు మనసు మారినా మళ్లీ ఆ గుమ్మం ఎక్కే మొహం మిగలకూడదు.

“పలుపు తెంపుకున్నది బయట పడాలి కదమ్మాయ్,” అంది వదిన. “నువ్వు ఇంకో కొట్టంలోకి దూరుతున్నావు.”

“నీకన్నీ ఎగతాళే. ఆ ల్యాబ్‌లో పొద్దస్తమానం నిలబడే ఉంటాను. నా కాళ్ల నరాలు ఎప్పుడైనా చూశావా?”

“చూడకపోవడమేంటి, వాటికి నూనె రాసిందే నేను.”

ఆ మాటకి చెల్లెలు కాసేపు తగ్గింది. కుర్చీలో కూర్చుంది. కిటికీ వైపు చూసింది గానీ కిటికీ కనపడదు. డబ్బాల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పట్టపగలే ఆ గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది.

“రక్తం గొట్టాల మీద అందరి పేర్లూ నేనే రాస్తాను వదినా,” అంది మెల్లగా. “నా పేరు మాత్రం అక్కడ ఎవడికీ తెలీదు. ‘ఏమ్మా బ్లడ్డూ, ఇలా రా’ అంటారు. నవ్వకు. నిజంగానే అలాగే పిలుస్తారు. వీళ్లు నన్ను మైకులో పిలిచారు. ఇంటిపేరుతో సహా. హాలంతా లేచి నిలబడింది. నా కోసం ఎవరైనా లేచి నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు.”

వదిన నవ్వలేదు. తడిగుడ్డ పిండి, తుడిచిన టేబుల్‌నే మళ్లీ తుడిచింది.

అన్న ఆ మాటల్ని కాదు, గొంతుని విన్నాడు. చివర్లో కొంచెం గాలి కలిసింది. నిద్ర సరిపోలేదు, అనుకున్నాడు.

“సరే, ఒక్కటి చెప్పు,” అంది వదిన. “ఈ డబ్బాలు ఎవరు కొన్నారు?”

“మా టీమ్.”

“టీమ్ కాకుండా?”

“కొన్నవాళ్లు టీమ్‌లో చేరతారు కదా వదినా. అదే కదా పద్ధతి.”

“నేను అడిగేదీ అదే. మా బట్టల కొట్టుకి వచ్చేవాళ్లు బట్ట కొనుక్కుని ఇంటికి పోతారు. కొన్న ప్రతి మనిషీ గల్లా ఇవతలికి దూకి, నా పక్కన నిలబడి నేనూ అమ్ముతానంటే, ఇక కొనేదెవరే తల్లీ?”

“కింద వాటాలో మామ్మగారు వాడుతున్నారు. మోకాళ్లు తేలికపడ్డాయన్నారు.”

“నువ్వు ఊరికే ఇచ్చావు. ఊరికే ఇచ్చినదాన్ని బాలేదంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని అలా అంది. నాతో వేరేగా చెప్పింది, తియ్యటి సుద్దలా ఉందిట.”

“నీది జీతం బుర్ర వదినా. ఏ ఆఫీసులోనైనా కిందవాడి కష్టం మీదే కదా పైవాడు బతికేది? అక్కడ లేని మోసం ఇక్కడే కనపడిందా నీకు?”

“కిందవాడికి నెల తిరిగితే జీతం వస్తుంది. నువ్వు ఈ డబ్బాలు కొని వాళ్లకే ఎదురు డబ్బిస్తున్నావు. ఎదురు జీతమిచ్చి చేసే ఉద్యోగం ఎక్కడైనా ఉందా చెప్పు.”

“నేను గుడ్డిగా దిగలేదు!” చెల్లెలు లేచి నిలబడింది. “మీరంతా నన్ను వెర్రిదాన్ననుకుంటున్నారు. ల్యాబ్‌లో పొద్దున్నే మిషన్ వెయ్యగానే రోగి రక్తం పెట్టం. జవాబు ముందే తెలిసిన శాంపిల్ ఒకటి పెడతాం. అది సరిగ్గా చూపిస్తేనే మిగతావి నమ్ముతాం. ఇక్కడా అదే చేశాను.”

“ఏ శాంపిల్ పెట్టావు?”

“అన్నయ్యని.”

వైరు చుడుతున్న చెయ్యి ఆగింది.

“వాళ్ల మీటింగులన్నిటికీ మైకు సెట్టు అన్నయ్యదే,” అంది చెల్లెలు. “మొదటి మాట నుంచి చివరి చప్పట్ల దాకా అక్కడే కూర్చుంటాడు. పోనీ కంపెనీ మనిషా అంటే, కాదు. చేరలేదు. చేరమని ఎవరికీ చెప్పలేదు. అబద్ధమాడాల్సిన పని లేదు. అందులో మోసముంటే మనందరికంటే ముందు ఎవరికి తెలియాలి? నేను చేరతానన్న రోజున ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు. వద్దు అన్నాడా? ఒక్కసారి మొహం చిట్లించాడా? అన్నయ్య కాదనలేదు. నాకది చాలు.”

వదిన తడిగుడ్డ కింద పెట్టి భర్త కేసి తిరిగింది. ఆమె కూడా ఇన్నాళ్లూ లోలోపల ఆ లెక్కే వేసుకుందని ఆమె కళ్లలో కనపడింది. ఇంత గోల చేస్తున్నా ఆ పెట్టెల్ని బయటికి ఈడ్చకుండా ఆగింది ఆ ధైర్యంతోనే.

ఆ ఇంట్లో అతని మౌనానికి ఎప్పటినుంచో ఒకటే అర్థం, సరే అని. అమ్మా నాన్నా పోయాక చెల్లెల్ని తన దగ్గరికి తెచ్చుకున్నప్పుడూ అతను ఏమీ మాట్లాడలేదు. కుదిరిన సంబంధం ఆమె వద్దన్నప్పుడూ ఏమీ మాట్లాడలేదు. అన్నయ్య నా పక్షమే అని అప్పుడామె అందరికీ చెప్పుకుంది. తను ఎవరి పక్షమో అతను ఎప్పుడూ చూసుకోలేదు. అందరూ అతన్ని తమ పక్షాన వేసుకున్నారు. అలా ఉండటం అతనికి హాయిగానే ఉండేది.

“నేను వినలేదు పిట్టా,” అన్నాడు చెల్లెలితో.

“ఏంటి వినలేదు?”

“వాళ్లు చెప్పేది. అక్కడ ఏం మాట్లాడతారో నాకు తెలీదు.”

చెల్లెలు నవ్వబోయి ఆగింది. “ఏడాదిగా వింటున్నావు కదా?”

“గొంతు వింటాను. మాట వినను. ఎవరి గొంతు పగులుతోంది, ఎవరిది మూలకి అందటం లేదు, ఎక్కడ మైకు కూతపెట్టబోతోంది, అది చూసుకుంటాను. మాట వెంట పోతే కూత పట్టుకోలేం. మొదట్లో వినేవాణ్నేమో. తర్వాత పోయింది. పెళ్లయినా సంతాప సభయినా నాకు ఒకటే.”

“అంటే మైకు సెట్టుతోపాటు చెవులు కూడా అద్దెకిచ్చేశావా అన్నయ్యా?”

ఎవరూ నవ్వలేదు. చెల్లెలికి కూడా తన హాస్యం తనకే చేదుగా తగిలినట్టుంది.

“ఇంట్లోనూ అంతేనా?” అంది వదిన. గొంతు చాలా తగ్గించి అంది. “మేం మాట్లాడేటప్పుడు కూడా గొంతేనా మీరు వినేది?”

అతను వైరు వైపు చూశాడు. ఆమె గొంతు ఎండినరోజు అతనికి తెలుసు, జలుబు రాబోయే ముందురోజు తెలుసు. నిన్న ఆమె పడుకోబోతూ ఏదో చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో గుర్తు చేసుకోవాలని చూశాడు. గొంతు గుర్తొచ్చింది.

“ఇవాళ వింటాను,” అన్నాడు చివరికి. “మొదటినుంచీ వింటాను. విన్నాక చెప్తాను. అందాకా కత్తిరించకు.”

“నువ్వు అబద్ధమాడుతున్నావు,” అంది చెల్లెలు. “వదిన నీకు నూరిపోసింది.”

“నేను నూరిపోస్తే మాత్రం ఆయన వినేదేముంది, ఇప్పుడేగా చెప్పారు!” అంది వదిన. ఈసారి చెల్లెలికి నిజంగానే నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“సరే,” అంది. “పైనుంచి నీకేసి చూస్తాను. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. వద్దంటే దిగొచ్చేస్తాను. ఒట్టు. కానీ నువ్వు నిజంగా వినాలి. వదిన కోసం కాదు, నా కోసం వినాలి.”

వదిన రవికె లోపలినుంచి కార్డు తీసింది. చెమటకి ప్లాస్టిక్ తొడుగు మసకబారింది. దాన్ని కొంగుతో తుడిచి ఆడపడుచు చేతికిచ్చింది.

“నేనూ వస్తున్నాను,” అంది. “కొట్టులో సెలవు చెప్పాను. నేనూ ఒక మాట అడగాలి వాళ్లని.”

*

హాలు నిండింది. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వెనకవైపు, తలుపు పక్కన, అన్న బల్ల ఉంది. బల్లమీద మిక్సరు. దానిమీద వరసగా మీటలు. ఒక్కో మీట ఒక్కో మైకుది. పైకి తోస్తే ఆ గొంతు పెరుగుతుంది, కిందికి లాగితే ఆరిపోతుంది. వేదిక మీదివి రెండు మైకులు. జనంలో తిప్పే కార్డ్‌లెస్ ఒకటి. అతని దగ్గర పెట్టుకునేది ఒకటి, సభ మొదలవక ముందు ‘హలో, చెక్’ అని చూసుకోవడానికి. ఆ రెండు మాటలు తప్ప ఆ మైకులో అతను ఎన్నడూ ఏమీ మాట్లాడి ఎరగడు.

కోచ్ గారు వేదిక ఎక్కారు. అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. సన్నటి మనిషి, నెమ్మదైన మనిషి. ఆయన గొంతుకి ఏ సవరణా అక్కర్లేదు. గుండెలోంచి వెచ్చగా వస్తుంది. అలాంటి గొంతు దొరకడం ఒక సుఖమని అతను చాలాసార్లు అనుకున్నాడు.

వినాలి, అనుకున్నాడు. మాటలు వినాలి.

అది అనుకున్నంత తేలిక కాలేదు. ఒక వాక్యం పట్టుకునేలోగా చెవి ఎడమవైపు స్పీకర్లో సన్నటి గురగుర మీదికి పోయింది. దాన్ని సరిచేసి తిరిగొచ్చేసరికి వాక్యం దాటిపోయింది. రైలు కదిలిపోతుంటే ఏ పెట్టెకీ చెయ్యి అందనివాడిలా వెంటపడ్డాడు. చివరికి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చిన్నపిల్లలు పాఠం చెప్పుకున్నట్టు ఒక్కో మాటా పెదవులతో అనుకుంటూ పోయాడు. అప్పుడు అందింది.

“మనం ఏదీ అమ్మం,” అంటున్నారు కోచ్ గారు. “అమ్మడమనే మాటే మన దగ్గర లేదు. మనం పంచుకుంటాం. మీ అమ్మ మిమ్మల్ని చూసి ఎప్పుడు గర్వపడింది? గుర్తు చేసుకోండి. మీ ఆఫీసరు మీ పేరు పెట్టి ఎప్పుడు పిలిచాడు? గుర్తు చేసుకోండి.”

ముందు వరసలో ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు.

“మిమ్మల్ని ఆపేది శత్రువులు కాదు. ప్రేమించేవాళ్లే. అన్నో, భార్యో, నాన్నో. వాళ్లు ప్రేమతోనే ఆపుతారు. వాళ్లమీద కోపం వద్దు. వాళ్లకి తెలిసిన లోకం అంతే.”

చాలాసేపు విన్నాడు. అమ్మ గురించి విన్నాడు, అవమానం గురించి విన్నాడు, సొంత ఇంటి గేటు రంగు గురించి విన్నాడు. పొడి గురించి వినపడలేదు. దానిలో ఏముందో, ఎవరు తాగుతారో, ఎందుకు తాగుతారో ఎవరూ అనలేదు. బట్టల కొట్లో బట్ట మాటే ఎత్తకుండా ఇంతసేపు మాట్లాడితే మా ఆవిడ ఏమంటుందో, అనుకున్నాడు. ముందు నుంచి రెండో వరస చివర కూర్చుని ఉంది ఆమె. మెడ నిటారుగా పెట్టుకుంది.

తర్వాత ఒకాయన్ని పిలిచారు. బడిపంతులుగా పనిచేసి మానేశాడట. తెల్లచొక్కా వేసుకున్నాడు. మైకు ముందు నిలబడి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“నేను... ఇంతమంది ముందు మాట్లాడటం ఇదే మొదటిసారి...”

వెనక బల్ల దగ్గర అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. అయినా కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. మిక్సర్ మీదికి వెళ్లి, కీచుదనం తగ్గించే బిరడా పట్టుకుని ఎడమకి తిప్పింది. ఆ మనిషి ‘స’ అన్నప్పుడల్లా పళ్ల సందునుంచి ఈల వస్తుంది. ఆ ఈల రాకముందే చెయ్యి దాన్ని తగ్గించింది.

అతను కళ్లు తెరిచాడు.

ఇంకా ఈల రాలేదు కదా. చేతికి ఎలా తెలుసు?

ఆ మొహం అతనికి గుర్తులేదు. అతను మొహాలు చూసేవాడు కాదు, మాటలు వినేవాడు కాదు. కానీ చేతికి ఆ గొంతు తెలుసు. ఇంకో హాల్లో, అంతకుముందు ఇంకో హాల్లో, ఇదే బిరడాని ఇలాగే తిప్పింది. ఇప్పుడు కాసేపట్లో తల్లి మాట వస్తుంది. అక్కడ గొంతు పడిపోతుంది, అప్పుడు మీట కొంచెం పైకి తోయాలి.

“...మా అమ్మ చివరి రోజుల్లో...” అన్నాడాయన. గొంతు పడిపోయింది. చెయ్యి మీటని పైకి తోసింది.

హాలు నిశ్శబ్దంగా ఏడ్చింది.

దుఃఖం నిజమైనదైతే ప్రతిసారీ అదే చోట తెగదు. ఈ సంగతి చెప్పడానికి అతనికి ఏ చదువూ అక్కర్లేదు. సంతాప సభల్లో ఎన్ని గొంతులు పట్టుకున్నాడో! అవి ఎక్కడ జారతాయో ఎవరూ చెప్పలేరు. ఈ గొంతు మాత్రం సరిగ్గా అక్కడే జారి, సరిగ్గా అక్కడే లేస్తోంది. చేతికి ఎప్పటినుంచో తెలుసు. తనకి ఇప్పుడు తెలిసింది.

తెలియలేదనడం నిజమేనా? చేతికి తెలిసినది తనకి తెలియకుండా ఏడాది పాటు ఎక్కడ దాక్కుంది? ఆలోచించడానికి వ్యవధి లేదు. చెల్లెల్ని పిలిచేశారు.

పూర్తి పేరు పెట్టి పిలిచారు, ఇంటిపేరుతో సహా. హాలంతా లేచింది. ఆమె మెట్లెక్కుతుంటే చెవుల వెనక ఎర్రబడటం ఇంత దూరానికీ కనపడింది. ఒక అమ్మాయి పళ్లెంలో కత్తెర తెచ్చింది. ఫోన్లు పైకి లేచాయి.

చెల్లెలు కార్డు మెడలోంచి తీసి పట్టుకుంది. ఆగింది. చెప్పినట్టే, జనం తలల మీదుగా వెనక బల్ల వైపు చూసింది.

అతను లేచి నిలబడబోయాడు. వద్దు అనడానికి చెయ్యి ఎత్తబోయాడు.

సరిగ్గా అప్పుడే ముందు వరసల్లోంచి భార్య గొంతు వచ్చింది. కార్డ్‌లెస్ తిప్పే కుర్రదాని చేతిలోంచి ఆమె దాన్ని తీసేసుకుంది.

“ఒక్క నిమిషం బాబూ. నాదో చిన్న ప్రశ్న. మీ అందరినీ ఒకటే అడుగుతాను. ఈ పొడిని అమ్మాలనే ఉద్దేశం లేకుండా, ఊరికే ఇంట్లో తాగడానికి కొనుక్కున్నవాళ్లు, చేరనివాళ్లు, మీకు తెలిసినవాళ్లలో ఒక్కరు...”

కోచ్ గారు నవ్వుతూనే అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నారు.

అది ఆయన గుర్తు. కింద మైకు ఆపు అని. ప్రతి సభలోనూ ఎవరో ఒకరికి ఉంటుంది అలాంటి గుర్తు. ఎవరో తాగి వస్తారు, ఎవరో పాట ఎత్తుకుంటారు. వేదిక మీదివాళ్లు సైగ చేస్తే కింద మైకు ఆగాలి. అది వృత్తి.

మీట కిందికి జారింది.

భార్య పెదవులు ఇంకా కదులుతున్నాయి. మాట వినపడటం లేదు. ఆమె మైకుని చూసుకుంది, అరచేత్తో తట్టింది. తర్వాత వెనక్కి తిరిగింది. ఆమె వెంట హాలులో సగం తలలు వెనక్కి తిరిగాయి.

మీట మీద అతని చెయ్యి ఉంది. తన చెయ్యేనని అతను కూడా అప్పుడే చూశాడు.

“మైకు అలిగింది,” అన్నారు కోచ్ గారు. “మన సౌండన్న దాని సంగతి చూస్తారు. ఆయన ఉండగా మనకి భయమేంటి?” అందరూ నవ్వారు.

చెల్లెలు నవ్వలేదు. ఆమె అన్న చేతిని చూసింది. సొంత పెళ్లాం ప్రశ్నని ఆపిన చేతిని. ఆమె భుజాలు కిందికి దిగాయి, బరువు దింపుకున్నట్టు. జవాబు దొరికినదానిలా తల ఊపింది. కత్తెర అందుకుంది.

ప్లాస్టిక్ తొడుగు గట్టిది. కత్తెర ఒక్క నొక్కుకి తెగలేదు. రెండో నొక్కుకి సగం దాకా దిగింది, ఫోటోలో భుజం మీదుగా.

“ఆగు!”

అది ఎవరి గొంతో హాలులో ఎవరికీ తెలియలేదు. అతనికే తెలియలేదు. బల్లమీది మైకు అతని చేతిలో ఉంది. గొంతు బొంగురుగా, మరీ దగ్గరగా, స్పీకర్లు పగిలేలా వచ్చింది. ఇంకొకరిదైతే వెంటనే సరిచేసేవాడు.

“ఆగు పిట్టా. విన్నాను. మొత్తం విన్నాను. పొడి సంగతి ఒక్కరూ మాట్లాడలేదు. ఇందాక మొదటిసారన్నాడే, ఆయనకి మొదటిసారి కాదు. వాళ్లమ్మ ప్రతి హాల్లోనూ అదే మాట దగ్గర పోతుంది. నాకు తెలుసు. ఇది వ్యాపారం కాదు. మోసం. దిగొచ్చెయ్.”

ఎక్కడో ఒక ఫోను మోగి ఆగింది.

తెల్లచొక్కా ఆయన మొహం వాడిపోయింది. కోచ్ గారి మొహం మాత్రం వాడలేదు. ఆయన రెండు చేతులూ జోడించి వెనక బల్ల వైపు వంగారు.

“చూశారా,” అన్నారు, ఎంతో మెత్తగా. “ఇందాక నేను చెప్పిన అన్న ఈయనే. ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఈయన మనల్ని తిట్టలేదు. చెల్లెలి కోసం భయపడ్డాడు. ఆ భయానికి, ఆ ప్రేమకి, అందరూ ఒక్కసారి గట్టిగా...”

చప్పట్లు మోగాయి. జనం లేచి నిలబడ్డారు, అతని వైపు తిరిగి. కళ్లనీళ్లతో చప్పట్లు కొట్టారు. పక్కనున్న ముసలాయన అతని భుజం తట్టి, “నాకూ ఇలాంటి అన్న ఉంటే బాగుండు బాబూ,” అన్నాడు. తన జీవితంలో మొదటిసారి ఒక హాలు తనకోసం నిలబడటం అతను చూశాడు. ఎంత వెచ్చగా ఉంటుందో కూడా తెలిసింది.

చెల్లెలు చప్పట్లు కొట్టలేదు. కత్తెర కార్డులోనే ఇరుక్కుని ఉంది. ఆమె వేదిక మైకు దగ్గరికి జరిగింది.

“మరి వదిన మైకు ఎందుకు ఆపావన్నయ్యా?”

చప్పట్లు ఆగిపోయాయి.

“నువ్వు విన్నావు. మోసమని నీకు తెలిసిపోయింది. తెలిశాకే కదా ఆపావు? ఎందుకు ఆపావు?”

“తెలీదు,” అన్నాడతను. “నేను కాదు పిట్టా. చెయ్యి... దానంతటదే...”

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరసల వెంట పాకింది.

“నవ్వకండి,” అంది అతని భార్య. మైకు లేకుండా అంది, వినపడింది. “ఆయన నిజమే చెప్తున్నారు. దానికంటే సిగ్గుచేటు నిజం లేదు గానీ, నిజమే. దిగిరా అమ్మాయ్. ఇంటికెళ్లి మీ అన్నని నువ్వెంత తిడతావో తిట్టు, నేనూ ఓ చెయ్యేస్తాను. ముందు దిగిరా.”

కోచ్ గారు చెల్లెలి పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆమెని ముట్టుకోలేదు. మైకుకి అందేంత దగ్గరగా తల వంచి, ఇంట్లో పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడారు.

“ఒకే నోటితో అవునన్నాడు, కాదన్నాడు. పాపం ఆయన తప్పు కాదు. నీ జీవితం ఇంకొకరి మొహం చూసి ఎన్నాళ్లు నడుపుకుంటావమ్మా? ఆయన్ని అడగకు. వదిననీ అడగకు. నన్నూ అడగకు. నువ్వే చెప్పు. ఏం చేద్దామనుకుంటున్నావు?”

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె కార్డుని చూసింది, ఫోటోలో సగం తెగిన తన భుజాన్ని. వదినని చూసింది. వెనక బల్ల వైపు మాత్రం ఈసారి చూడలేదు.

అతను మైకు కింద పెట్టేశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

మాటకి ముందు మనిషి తీసుకునే ఊపిరి స్పీకర్లలో వినిపించింది. ఆ ఊపిరిని బట్టి వచ్చే మాట గట్టిదో మెత్తదో, అవునో కాదో ముందే కనిపెట్టి మీట సర్దడం అతనికి అలవాటు. కళ్లు మూసుకుని విన్నాడు. ఈ ఊపిరి ఎటువైపుదో అతనికి అంతుపట్టలేదు.